ఎర్ర చీటీ ఎవరికి కట్టాలి?

2014 జూన్ 12 సాయంత్రం భిలాయి ఉక్కు కర్మాగారంలో రెండవ నంబరు పంపు హౌసు దెబ్బతిన్నది. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వెలువడే వాయువును కడిగి శుభ్రం చేసే విభాగానికి అక్కడి నుంచే నీరు వెళుతుంది. నీటి ఒత్తిడి పడిపోయేసరికి, ఆ నీరు ఆపి ఉంచవలసిన వాయువు బయటికి వచ్చింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అందులో సుమారు అయిదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ముప్పై మందికి పైగా అస్వస్థులయ్యారు.

నాలుగేళ్ళ తరువాత, 2018 అక్టోబరు 9 ఉదయం, అదే కర్మాగారంలో కోక్ ఓవెన్ల పదకొండవ బ్యాటరీ దగ్గర, మరమ్మతు పని జరుగుతున్న గ్యాసు గొట్టం అంటుకుంది. ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. తీవ్రంగా కాలినవారిలో మరికొందరు ఆ తరువాతి రోజుల్లో కన్నుమూశారు.

ఒకే ఊరు, ఒకే కర్మాగారం. బాధితులు ఏ వైపు నుంచి వచ్చినా చేరేది సెక్టార్ 9 లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికే. మొదటి ప్రమాదంలో ఒంటి మీద గీత కూడా లేని మనుషులు వచ్చారు. రెండవ ప్రమాదంలో ఒళ్ళంతా కాలిన మనుషులు వచ్చారు. పాఠకులారా, ఒక్క క్షణం మీరే ఆ ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఉన్నారనుకోండి. అరగంటలో ముప్పై మంది వచ్చారు. మీ దగ్గర డాక్టర్లు అయిదుగురు ఉన్నారు. ముందు ఎవరిని చూస్తారు?

ఈ ప్రశ్నకు ఇకమీదట యంత్రాలు జవాబు చెబుతాయని ఇరవై ఏళ్ళుగా వింటున్నాం. చేతికి కట్టే ఎలక్ట్రానిక్ చీటీలు, వేలికి తగిలించే క్లిప్పులు, ఆకాశం నుంచి చూసే డ్రోన్లు, లెక్క కట్టే కంప్యూటర్లు వచ్చాయి. ఆ జవాబు భిలాయి వంటి ఊరికి సరిపోతుందా అని పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏరడం అనే విద్య

ఒక్కసారిగా ఎక్కువమంది గాయపడినప్పుడు ఎవరికి ముందు, ఎవరికి తరువాత వైద్యం చేయాలో నిర్ణయించడాన్ని ట్రయేజ్ అంటారు. ఇది ఫ్రెంచి మాట. దాని మూలధాతువుకు ఏరడం, వేరుచేయడం అని అర్థం. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన డొమినిక్ జాన్ లారే ఈ పద్ధతికి ఆద్యుడని చెబుతారు. హోదా చూడకుండా, గాయం తీవ్రతను బట్టి వరుస నిర్ణయించాలన్నది ఆయన నియమం.

ఈ మాటను తెలుగు చేయడానికి నేను చాలాసార్లు ప్రయత్నించాను. వర్గీకరణ అంటే గ్రంథాలయం గుర్తుకొస్తుంది. ఎంపిక అంటే ఉద్యోగం గుర్తుకొస్తుంది. మన ఇళ్ళలో చేటలో బియ్యం పోసి ఏరుతారు చూడండి, ఆ ఏరడమే దీనికి దగ్గర. తేడా ఒక్కటే. బియ్యం ఏరేటప్పుడు రాళ్ళను పారేస్తాం. ఇక్కడ ఎవరినీ పారేయం. వరుస మాత్రమే మారుస్తాం. అయితే వరుసలో వెనక పడినవాడు ఒక్కోసారి ప్రాణంతోనే వెనకపడతాడు. అందుకే ఏరేవాడి కన్ను దేనిమీద ఉందన్నది ముఖ్యం.

ప్రపంచంలో విరివిగా వాడే పద్ధతి 1983లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, న్యూపోర్ట్ బీచ్ పట్టణంలో తయారయింది. అక్కడి హోగ్ ఆసుపత్రి, అగ్నిమాపక శాఖ కలిసి దీన్ని రూపొందించాయి. దాని పేరు స్టార్ట్. పద్ధతి చాలా సులువు. నడవగలిగినవారందరినీ ముందు ఒక పక్కకు పొమ్మంటారు. వారికి ఆకుపచ్చ చీటీ. అంటే ఆగగలరని అర్థం. మిగిలినవారిలో గాలి దారి సరిచేసినా ఊపిరి తీసుకోని వారికి నలుపు. నిమిషానికి ముప్పై సార్లకు మించి ఊపిరి తీసుకుంటుంటే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోతే ఎరుపు. చెప్పిన చిన్న పని చేయలేకపోతే ఎరుపు. ఇవేవీ లేకుండా పడి ఉన్నవారికి పసుపు. ఒక్కొక్క మనిషికి నిమిషం కంటే ఎక్కువ పట్టకూడదు. డాక్టరు అక్కర్లేదు. శిక్షణ పొందిన ఫైర్‌మన్ చాలు.

భూకంపం, రైలు ప్రమాదం, భవనం కూలడం వంటి వాటిని దృష్టిలో ఉంచుకుంటే ఈ పద్ధతిలో తర్కం ఉంది. రక్తం పోతున్నవాడు, ఊపిరి అందనివాడు, స్పృహ తప్పుతున్నవాడు, ఈ ముగ్గురినీ ఇది పట్టుకుంటుంది.

యంత్రాలు ఏం తెచ్చాయి?

2000 సంవత్సరం తరువాత ఈ కాగితపు చీటీల స్థానంలో ఎలక్ట్రానిక్ చీటీలు పెట్టాలన్న ప్రయత్నాలు మొదలయ్యాయి. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విజార్డ్ అనే పథకం, హార్వర్డ్‌లో కోడ్‌బ్లూ అనే పథకం నడిచాయి. బాధితుడి వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలిస్తారు. నాడి, రక్తంలో ప్రాణవాయువు శాతం ఎప్పటికప్పుడు తీగ లేకుండా ఒక తెర మీదికి వస్తాయి. ఎవరి స్థితి దిగజారుతుందో కమాండరు దూరంగా కూర్చుని చూడవచ్చు.

మన దేశంలో భీష్మ అనే సంచార ఆసుపత్రి తయారయింది. 72 చిన్న పెట్టెలుగా విడదీయగలిగిన ఈ ఏర్పాటు రెండు వందల మంది దాకా బాధితులను చూడగలదని ప్రకటించారు. 2024 జనవరిలో అయోధ్య ఉత్సవానికి దీన్ని అక్కడ సిద్ధంగా ఉంచారు. ఏ పెట్టెలో ఏముందో వెంటనే వెతికి చూపే టాబ్లెట్ దీని ప్రత్యేకత. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా మరో అడుగు ముందుకు వేసి, మనిషిని ముట్టుకోకుండానే డ్రోన్లు, రోబోలు దూరం నుంచి గాయాలను, ఊపిరిని గుర్తించాలని ఒక పోటీ పెట్టింది.

వీటిలో నిజమైన తెలివి ఉంది. ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కాగితపు చీటీ వర్షంలో తడుస్తుంది, రక్తంలో నానుతుంది. ఒకసారి రాసిన తరువాత మనిషి స్థితి మారినా చీటీ రంగు మారదు. ఎలక్ట్రానిక్ చీటీ ఈ లోపాన్ని సరిచేస్తుంది. అయితే ఈ పథకాల్లో చాలావాటి ఊహలో ఉన్న బాధితుడు ఒకడే: తూటాకో, బాంబుకో, కూలిన గోడకో గురైనవాడు. ఉక్కు పట్టణంలో బాధితుడు వేరు.

గాయం లేని బాధితుడు

మన రక్తంలో హీమోగ్లోబిన్‌ను నాలుగు సీట్ల బండి అనుకుందాం. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువు ఎక్కుతుంది, కణాల దగ్గర దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా అవే సీట్లలో కూర్చుంటుంది. హీమోగ్లోబిన్ దాన్ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి కూర్చుంటే త్వరగా దిగదు. పైగా పక్క సీట్లలో ఉన్న ప్రాణవాయువును కూడా దిగవలసిన చోట సరిగ్గా దిగనివ్వదు.

పల్స్ ఆక్సీమీటరు ఈ బండిని ఎలా చూస్తుంది? జపాను శాస్త్రజ్ఞుడు తకువో అయోయాగీ 1974లో కనిపెట్టిన సూత్రం మీద ఇది పనిచేస్తుంది. వేలి గుండా రెండు రకాల కాంతిని పంపుతుంది. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండవది 940 నానోమీటర్ల పరారుణం. ప్రాణవాయువు ఎక్కిన హీమోగ్లోబిన్ ఎరుపు కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది. ఎక్కనిది ఎక్కువగా పీల్చుకుంటుంది. ఈ తేడా నుంచి శాతం లెక్క కడతారు. చిక్కు ఎక్కడంటే, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన హీమోగ్లోబిన్ కూడా ఎరుపు కాంతికి దాదాపు ప్రాణవాయువు ఎక్కినదానిలాగే కనిపిస్తుంది. సీటు నిండిందా అని చూస్తుందే గాని కూర్చున్నది ఎవరని అడగని కండక్టరు వంటిది ఈ యంత్రం.

ఇది కేవలం సిద్ధాంతం కాదు. 1987లో బార్కర్, ట్రెంపర్ అనే శాస్త్రజ్ఞులు కుక్కల మీద చేసిన ప్రయోగంలో, హీమోగ్లోబిన్‌లో 70 శాతం కార్బన్ మోనాక్సైడ్‌తో నిండిపోయినా ఆక్సీమీటరు సుమారు 90 చూపించింది. నిజానికి అప్పుడు ప్రాణవాయువు మోస్తున్నది 30 శాతమే. కోవిడ్ కాలంలో మనమంతా ఈ చిన్న యంత్రాన్ని వేలికి పెట్టుకుని, 95 దాటితే ఊపిరి పీల్చుకున్నాం. ఆ అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు 2014 జూన్ సాయంత్రానికి తిరిగి రండి. గ్యాసు పీల్చిన కార్మికుడు నడుచుకుంటూ వచ్చాడు. తల నొప్పి, వికారం, కళ్ళు తిరగడం ఉన్నాయి. గాయం లేదు. స్టార్ట్ పద్ధతి ప్రకారం అతనికి ఆకుపచ్చ. ఎలక్ట్రానిక్ చీటీ కట్టి వేలికి క్లిప్పు పెడితే 97 చూపుతుంది. కంప్యూటరు కూడా ఆకుపచ్చే అంటుంది. పైగా అది జూన్ నెల. ఛత్తీస్‌గఢ్ ఎండల్లో, కొలిమి పక్కన పనిచేసిన మనిషికి తల తిరిగితే వడదెబ్బ అనుకోవడం సహజం. పెదవులు చెర్రీ పండులా ఎర్రబడతాయని పుస్తకాల్లో చదువుకున్న గుర్తు, బతికి ఉన్నవారిలో అరుదుగా కనిపిస్తుంది. అంటే కన్ను, పద్ధతి, యంత్రం మూడూ ఒకే తప్పు చేస్తాయి. మనిషి ఒక్కడే తప్పు చేస్తే పక్కవాడు సందేహిస్తాడు. యంత్రం అంకెతో చెబితే సందేహించేవాడు ఉండడు. నా అభ్యంతరం ఇదే.

మరో సంగతి. 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, నల్లజాతి రోగుల్లో ఆక్సీమీటరు ప్రాణవాయువు కొరతను గుర్తించలేకపోయిన సందర్భాలు తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు. చర్మం రంగు కాంతికి అడ్డు వస్తుంది. ఎండలో పనిచేసే మన కార్మికుల చర్మం ఏ రంగో వేరే చెప్పనక్కర్లేదు.

నడిచి వచ్చే కాలిన మనిషి

ఇక 2018 తరహా ప్రమాదం. కోక్ ఓవెన్ గ్యాసులో సగానికి పైగా హైడ్రోజను, సుమారు పావు వంతు మీథేను ఉంటాయి. చిన్న నిప్పురవ్వ చాలు. ఈ మంటలో చిక్కుకున్నవారి గాయాలు అందరికీ కనబడతాయి కదా, ఏరడం సులువే అనుకుంటాం. కాదు.

ఒంటి మీద సగం కాలిన మనిషి మొదటి గంటలో తరచు నడుస్తాడు, మాట్లాడతాడు, తన పేరు, ఇంటి నంబరు చెబుతాడు. నాడి అందుతుంది. చెప్పిన పని చేస్తాడు. స్టార్ట్ మొదటి మెట్టులోనే అతను ఆకుపచ్చ వైపు వెళ్ళిపోతాడు. కాని లోపల రక్తనాళాల నుంచి ద్రవం కారడం మొదలయింది. గంటల తరబడి అది కారుతూనే ఉంటుంది. అరవై కిలోల మనిషికి సగం ఒళ్ళు కాలితే, వైద్యులు వాడే సూత్రాల ప్రకారం మొదటి ఇరవై నాలుగు గంటల్లో ఆరు నుంచి పన్నెండు లీటర్ల సెలైను అవసరమవుతుంది. అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే ఎక్కించాలి. ఆ ఎనిమిది గంటలు లెక్కపెట్టేది ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి. మంటలో ఊపిరి తీసుకున్నవాడి గొంతు కొన్ని గంటల్లో వాచి మూసుకుపోవచ్చు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు కదా అని వదిలేస్తే, తరువాత గొట్టం వేయడానికి దారి దొరకదు.

ఇక్కడ ఏరేవాడికి కావలసింది రెండే వివరాలు. ఎంత శాతం కాలింది, ఎప్పుడు కాలింది. తలకు తొమ్మిది, ఒక్కో చేతికి తొమ్మిది, ఒక్కో కాలికి పద్దెనిమిది అని లెక్కించే పాత తొమ్మిదుల సూత్రం ఏ ఫైర్‌మన్‌కైనా ఒక పూటలో నేర్పవచ్చు. నాడిని సెకను సెకనుకూ పంపే తెర ఈ రెండు ప్రశ్నలనూ అడగదు.

ఏ భాషలో చెప్పాలి?

అనువాదకుడిగా నన్ను ఆపిన మాట ఒకటుంది. చెప్పిన పని చేయగలడా అన్నది స్టార్ట్ చివరి పరీక్ష. చెప్పడం ఏ భాషలో? భిలాయిని మినీ ఇండియా అంటారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటి నుంచి దేశం నలుమూలల మనుషులు అక్కడ చేరారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఛత్తీస్‌గఢీ, హిందీ, తెలుగు, ఒరియా, బెంగాలీ, మలయాళం ఒకే షాపులో వినిపిస్తాయి. మామూలు రోజుల్లో అందరికీ హిందీ వస్తుంది. కాని మెదడుకు ప్రాణవాయువు తగ్గినప్పుడు మనిషి తల్లి భాషలోకి జారడం అరుదు కాదు. చెయ్యెత్తు అన్న హిందీ మాట అర్థం కాక ఊరుకున్నవాడికి ఎరుపు కట్టవచ్చు. అంతకంటే ప్రమాదం, కలవరిస్తున్నవాడి తెలుగు అర్థం కాక, ఏదో చెబుతున్నాడులే, స్పృహలోనే ఉన్నాడు అనుకోవచ్చు. మాటతో పాటు చేత్తో సైగ చేసి చూపమని శిక్షణలో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది. దీనికి ఖర్చు లేదు. అయితే ఖర్చు లేని పరిష్కారానికి అమ్మేవాడు ఉండడు, అందుకే అది ఏ ప్రదర్శనలోనూ కనిపించదు.

చీటీ కట్టకముందే వచ్చేసేవారు

ఎలక్ట్రానిక్ చీటీల పథకాలన్నీ ఒక క్రమాన్ని ఊహిస్తాయి. ప్రమాద స్థలంలో ఏరతారు, చీటీ కడతారు, అంబులెన్సులో పంపుతారు, ఆసుపత్రి అందుకుంటుంది. నిజంగా జరిగేది వేరు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలినప్పుడు, సెయింట్ ల్యూక్స్ ఆసుపత్రికి మొదటి రోజే 640 మంది వచ్చారు. అంబులెన్సులో వచ్చినవారు కొద్దిమందే. మిగిలినవారు నడిచి, టాక్సీలలో, దారిన పోయేవారి కార్లలో వచ్చారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడినప్పుడు జనం పిల్లలను భుజాన వేసుకుని పరుగెత్తారు. వందల మంది కింగ్ జార్జి ఆసుపత్రికి, ఇతర ఆసుపత్రులకు చేరారు. పన్నెండు మంది చనిపోయారు. చీటీ కట్టే మనిషి అక్కడికి వెళ్ళేలోగా బాధితులు కదిలిపోయారు.

దీని ఫలితం ఏమిటి? తక్కువ దెబ్బ తగిలినవారు ముందు చేరతారు. మంచాలు నిండుతాయి. తీవ్రంగా ఉన్నవారు, బయటికి తీయడానికి సమయం పట్టినవారు, తరువాత వస్తారు. కాబట్టి అసలు ఏరడం జరగవలసిన చోటు ఆసుపత్రి గుమ్మమే. యంత్రాలకు పెట్టే డబ్బు ప్రమాద స్థలం మీద పోసి, గుమ్మాన్ని మామూలు రోజు క్యూకు వదిలేస్తే ప్రయోజనం లేదు.

లెక్క సరిచూస్తే

పరికరాల గురించి వచ్చే నివేదికలను నేను చాలా కాలంగా చదువుతున్నాను, అనువదిస్తున్నాను. ఎక్కువ వాటిలో కొలిచేది వేగాన్ని. కాగితంతో ఇన్ని సెకన్లు, మా పరికరంతో ఇన్ని సెకన్లు. లేదా మా పరికరం వేసిన రంగు స్టార్ట్ వేసిన రంగుతో ఇంత శాతం కలిసింది అంటారు. స్టార్టే తప్పయితే? తప్పుతో నూటికి నూరు పాళ్ళు కలిసినా అది తప్పే.

స్టార్ట్ ఎంత సరైనదో నిజమైన ప్రమాదంలో పరీక్షించిన అధ్యయనాలు అతి తక్కువ. వాటిలో ఒకటి 2009లో వెలువడింది. 2002లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక రైలు ప్రమాదంలో 148 మంది బాధితుల రికార్డులను తరువాత తీరిగ్గా పరిశీలించారు. సరైన రంగు పడినవారు 66 మంది. అవసరానికి మించి తీవ్రమైన రంగు పడినవారు 79 మంది. తక్కువ రంగు పడినవారు ముగ్గురు. అంటే సగానికి పైగా తప్పు, అయితే ఎక్కువగా జాగ్రత్త వైపు తప్పు. రైలు ప్రమాదంలో ఈ తప్పు కొంతవరకు భరించవచ్చు. గ్యాసు ప్రమాదంలో తప్పు ఎటు వైపు పడుతుంది? పైన చూసినట్టు, ఆకుపచ్చ వైపు, అంటే ప్రాణం పోయే వైపు. ఒక చోట పరీక్షించిన పద్ధతిని మరో చోటికి తెచ్చేటప్పుడు ఈ దిశ మారుతుందన్న ఎరుక, నేను చదివిన అమ్మకపు ప్రకటనల్లో నాకు కనిపించలేదు.

మరి ఏ యంత్రం కావాలి?

ఇంత చెప్పిన తరువాత యంత్రమే వద్దంటున్నానని అనుకోకండి. కావలసిన యంత్రాలు వేరే ఉన్నాయి.

మొదటిది కార్మికుడి ఛాతీ మీద తగిలించే కార్బన్ మోనాక్సైడ్ అలారం. దీనిలో చిన్న విద్యుద్రసాయన ఘటం ఉంటుంది. గ్యాసు తగిలితే పుట్టే విద్యుత్తును కొలిచి, మిలియన్ భాగాల గాలిలో ఎన్ని భాగాలో చెబుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఎనిమిది గంటల సగటుకు 50 అని హద్దు పెట్టింది. దీన్ని భద్రతా పరికరంగానే చూస్తున్నారు. కాని ఈ అలారాల్లో చాలా రకాలు ఎంత గాఢతలో ఎంతసేపు ఉన్నాడో నిమిష నిమిషానికీ దాచి పెట్టుకుంటాయి. ఆసుపత్రి గుమ్మంలో డాక్టరుకు కావలసిన సమాచారం సరిగ్గా అదే. ప్రమాదం జరిగాక కట్టే చీటీ కంటే, ప్రమాదానికి ముందే ఒంటి మీద ఉన్న ఈ పెట్టె మంచి చీటీ. రెండు షరతులున్నాయి. కోక్ ఓవెన్ గ్యాసులోని హైడ్రోజనుకు కూడా ఈ ఘటం స్పందిస్తుంది కాబట్టి అంకెను అర్థం చేసుకునే మనిషి కావాలి. రెండవది, అది పర్మనెంటు ఉద్యోగికి ఎంత తప్పనిసరో, కాంట్రాక్టు కూలీకీ, కాపాడడానికి లోపలికి వెళ్ళే ఫైర్‌మన్‌కూ అంతే తప్పనిసరి కావాలి. గ్యాసు ప్రమాదాల్లో రక్షించబోయినవారే బాధితులవడం పాత కథ.

రెండవది పల్స్ కో-ఆక్సీమీటరు. రెండింటికి బదులు ఏడెనిమిది తరంగదైర్ఘ్యాల కాంతి వాడి, సీట్లో కూర్చున్నది ఎవరో అడిగే యంత్రం ఇది. 2005 నుంచి దొరుకుతోంది. దీనికీ హద్దులున్నాయి. అంకె మూడు శాతం అటూ ఇటూ ఉండవచ్చు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. బీడీ, సిగరెట్టు తాగేవారికి మామూలుగానే కొంత చూపుతుంది. ఎక్కువ చూపితే నమ్మవచ్చు. తక్కువ చూపిందని మనిషిని ఇంటికి పంపకూడదు. ఖరారు చేయవలసింది ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షే.

ఇంకొక మెలిక ఉంది. మామూలు గాలిలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ముసుగుతో పూర్తి ప్రాణవాయువు ఇస్తే గంటా గంటన్నరలోనే సగమవుతుంది. 40 శాతంతో బయలుదేరినవాడు గంట ప్రాణవాయువు తీసుకుని గుమ్మం చేరేసరికి 20, 25 చూపవచ్చు. అప్పటి అంకె చూసి పర్వాలేదనుకుంటే పొరపాటు. కాబట్టి ఏ యంత్రమైనా అంకెతో పాటు మూడు సమయాలు రాయించాలి. గ్యాసు ఎప్పుడు తగిలింది, ప్రాణవాయువు ఎప్పుడు పెట్టారు, కొలిచింది ఎప్పుడు.

మూడవది వట్టి రిజిస్టరు. కార్బన్ మోనాక్సైడ్ తగిలి కోలుకున్నట్టు కనిపించినవారిలో కొందరికి రోజులు, వారాలు గడిచాక మతిమరుపు, నడకలో తడబాటు, స్వభావంలో మార్పు రావచ్చు. ఆకుపచ్చ చీటీతో ఇంటికి పోయినవాడిని నెల తరువాత పేరుతో పిలిచి పరీక్షించే ఏర్పాటు కావాలి. కంప్యూటరు బాగా చేయగల పని ఇదే. గేటు దగ్గర హాజరు తీసుకునే యంత్రం ఆ షిఫ్టులో లోపల ఎవరెవరున్నారో ఎలాగూ చెబుతుంది. ఆ జాబితా ఆసుపత్రికి చేరాలి.

వీటన్నిటికీ ముందు ఒక్క నియమం గుమ్మం మీద రాసి పెట్టాలి: గ్యాసు ఉన్నచోటి నుంచి వచ్చినవాడు నడిచి వచ్చినా, వేలి యంత్రం 100 చూపినా, ముందు ప్రాణవాయువు పెట్టు, తరువాత రంగు నిర్ణయించు. కాలినవాడు మాట్లాడుతున్నా గొంతు చూడు, గడియారం చూడు.

2007లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సామూహిక ప్రమాదాల వైద్యం మీద మార్గదర్శకాలు ప్రకటించింది. అవి దేశానికంతటికీ ఉద్దేశించినవి. వాటిని ఊరికి తగ్గట్టు మలచుకోవడం ఊరి పని. భిలాయి అయినా, విశాఖ అయినా, పటాన్‌చెరు అయినా, అక్కడి ప్రమాదం ఏ రూపంలో వస్తుందో ముందే తెలుసు. గొట్టాల్లో పారేది ఏమిటో తెలుసు కనుక.

మీరు అటువంటి ఊళ్ళో ఉంటే, ఈసారి మాక్ డ్రిల్ జరిగినప్పుడు వెళ్ళి చూడండి. బాధితుల వేషం వేసినవారికి ఎర్ర రంగు పూసి, కట్లు కట్టి స్ట్రెచర్ల మీద పడుకోబెడతారు. వారిలో ఒక్కడినైనా ఏ గాయమూ లేకుండా, తల పట్టుకుని, నడిపించుకుంటూ తీసుకువస్తారేమో గమనించండి. తీసుకురాకపోతే, అతన్ని ఎందుకు మరిచిపోయారని అడగండి. వేలికి తగిలించే యంత్రం కూడా అతన్నే మరిచిపోతుంది.